పెట్ట కింద ప్రయోగం

ఆ శుక్రవారం ఉదయం పరిశోధకురాలు సరళ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. రెండు గాజు గొట్టాలను గంటసేపు వెచ్చగా ఉంచాలి, పదకొండు గంటల రైల్లో దిగే ప్రొఫెసర్ సర్వేశ్వరరావు గారికి చూపించాలి. ఫలితం లేకపోతే అరకులో ఈ కోళ్ల తెగులు పరిశోధనకు ఆ పూటే మంగళం పాడేస్తానని ఆయన ఉత్తరం రాశారు.

ఆ తెగులు వైరస్ రక్తకణాలను పట్టుకుని గుత్తులు కట్టేస్తుంది. కాస్త వెచ్చదనం తగిలితే దాని ఎంజైమే ఆ పట్టు తెంచి కణాలను విడదీస్తుంది. ఆ ఎంజైమ్ మీదికి సరళ రెండో గొట్టంలో కుందేలు రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను ఉసిగొల్పింది. అవి దాన్ని నిజంగా పట్టుకుంటే, మొదటి గొట్టంలో గుత్తులు విడిపోవాలి, రెండోదాంట్లో విడిపోకూడదు. ఆర్నెల్ల చాకిరీ అంతా ఆ తేడా కోసమే.

తొమ్మిదింటికి కరెంటు పోయి, గొట్టాలను వెచ్చబెట్టే యంత్రం ఆగిపోయింది. బయట డిసెంబరు చలి. సరళ గొట్టాలను అటెండరు అప్పలస్వామి భార్య నూకరత్నం చేతిలో పెట్టి, "ఒంటి వేడంత ఉంటే చాలు, కాలకూడదు" అని చెప్పి కుంపటి కోసం పరుగెత్తింది. సంతంతా తిరిగి కుంపటి, బొగ్గులు సంపాదించేసరికి పదకొండు దాటింది.

"గొట్టాలేవి?"

"పొదుగు పెట్ట కింద ఎట్టీసినానమ్మా. దానికంటే బాగా ఎవులు కాత్తారు?"

సరళకు ఆమెను ఎత్తుకుని తిప్పాలనిపించింది. కోడి ఒంటి వేడి అచ్చంగా సరిపోతుంది! ఇద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. అక్కడ పెట్టా లేదు, అది పొదిగే గంపా లేదు.

"మీ ఆయన నెత్తినెట్టుకుని టేసన్‌కి ఎల్లాడు," అన్నాడు పక్కింటి మంగ్లు. "ఆఫీసరు బాబుకి పెట్ట ఒక్కటే ఇత్తే ఏటి మరియాదని, గుడ్లతో సహా ఇచ్చీత్తాడట!"

ఏ ఆఫీసరు వచ్చినా కోడితో ఎదురెళ్లడం అప్పలస్వామికి అలవాటు. ఈసారి ఉద్యోగానికే ముప్పు గనక మర్యాద ఘనంగా తలపెట్టాడు.

"నా గుడ్లు!" అంది నూకరత్నం.

"నా గొట్టాలు!" అంది సరళ.

స్టేషన్‌కు వెళ్తే రైలు వెళ్లిపోయింది. ప్రొఫెసర్ గారు దిగే బంగళాకు వెళ్తే వంటమనిషి వాకిట్లో కత్తి నూరుతున్నాడు. వరండాలో ప్రొఫెసర్ గారు రెండు గొట్టాలనూ ఎండకు ఎత్తి పట్టుకుని ఉన్నారు. పక్కనే అప్పలస్వామి చెమటలు కక్కుతున్నాడు.

"ఈ కోడి ఏం గుడ్లు పెడుతోందమ్మా?" అన్నారాయన.

సరళ గొట్టాలకేసి చూసింది. మొదటిదాంట్లో కణాలు విడివిడిగా తేలుతున్నాయి. రెండోదాంట్లో ఎర్రటి గుత్తులు చెక్కుచెదరలేదు.

"పట్టుకున్నాయి సార్! ఎంజైమ్‌ను పట్టుకున్నాయి!"

ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. కుర్చీలోంచి దిగ్గున లేచి, "ఇంకో రెండేళ్లు! ఇక్కడే, ఈ పనే!" అని కేకపెట్టారు. సరళకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వంటమనిషి కత్తితో గుమ్మంలో నిలబడ్డాడు. "బాబూ, కోడి..."

"ముట్టుకోకు! అది లేబరేటరీ సామాను."

ఆ మధ్యాహ్నం సర్వేశ్వరరావు గారు పప్పన్నం తిన్నారు.