పదకొండవ ఎత్తు

ఉదయము పది గంటల పదిహేడు నిమిషములు; ఉష్ణోగ్రత ఇరువది రెండు డిగ్రీలు; గాలి లేదు, సన్నని జల్లు. అట్టి వేళ, గ్రంథాలయపు మేడమీది హాలులో, ఒక కాలి క్రింద మడిచిన అట్టముక్క ఊతగా నిలిచిన బల్ల యెదుట, సూక్ష్మచక్రచికిత్సాచతురుడును, పట్టకారుధురంధరుడును, ముప్పది యేండ్లుగా ఊరివారి కాలమును సరిదిద్దుచున్న మహనీయుడును అగు గడియారముల రిపేరుదారు, నల్లబలములకు నాయకుడై, చదరంగసమరమునకు ఆసీనుడయ్యెను.

ఎదుట ఆయన బావమరిది, మందుల దుకాణాధిపతి. వరుసగా ఆరేండ్లు గ్రంథాలయపు ఈ వార్షిక పోటీలోనే బావను పది ఎత్తులలోపల మట్టి కరిపించి, ఆ ముచ్చటను ప్రతి కుటుంబభోజనమునందును వడ్డించుచున్న దుర్మదుడాతడు.

"బావా, పన్నెండింటికల్లా అక్క భోజనానికి రమ్మంది. తొందరగా కానిద్దామా?"

"ముందు ఆడరా! ఈసారి పదకొండో ఎత్తు ఆడకుండా లేవను, ఒట్టు."

ఆరు మాసములు పుస్తకము తిరగవేసి, ప్రారంభమునకు తగిన ప్రత్యుత్తరములు పదింటిని కంఠస్థము చేసిన వీరుడాయన. బావమరిది అంచునున్న బంటును ఒక్క గడి జరిపెను. అయ్యో, పుస్తకమున ఆ ఎత్తు లేదు! ఆలోచనతో సమయమును, సమయముతో ధైర్యమును కరగిపోగా, తొమ్మిది ఎత్తులు ముగియునప్పటికి నల్లరాజు చుట్టును కాపు లేదు. ఆయనకు మిగిలిన వ్యవధి నాలుగు నిమిషములు.

అంతలో, చెరొకరి వ్యవధిని లెక్కించు జంట గడియారములలో ఆయన వైపుది టిక్కుమనుట మానెను. మౌనము వహించినచో అనంతకాలము ఆయనదే. కాని ఆగిన గడియారము ముందు ఊరకుండుట ఆ హస్తములెరుగవు.

"మేడం, నా గడియారం ఆగిపోయింది."

న్యాయనిర్ణేత్రి, రిటైరైన లెక్కల టీచరు, కళ్లద్దములు సవరించుకొనెను. "వేరేది లేదండీ. మీరే చూస్తారా?"

"ఊరుకుంటే నాకు తెలిసేదే కాదు కదా బావా!"

"నాకు తెలుస్తుంది కదరా."

జేబునుండి పట్టకారు వెడలెను. ఇరుసున చిక్కిన నూలుపోగును ఊడదీయునంతలో మనసు నిమ్మళించెను. మనసు నిమ్మళింపగా చూపు కుదిరెను. చూపు కుదురగా, గుర్రమును అది బయలుదేరిన గడికే మరలింపవలెనని తోచెను. పదవ ఎత్తు అదియే. బావమరిది నవ్వు ఆగెను. ఏడు నిమిషములు గోళ్లు కొరికి అతడు ఏనుగును కదుపగా, మహావీరుడు మూలబంటునొకదానిని, దిగంతములు దద్దరిల్ల, ఒక్క గడి ముందునకు జరిపెను.

"పదకొండు!"

"మెల్లగా అండీ, పక్కన ఆడుతున్నారు," అనెను టీచరు.

జయము! మరుక్షణమున పడిన ఆటకట్టును ఆయన గమనించెనో లేదో తెలియదు.

తొమ్మిదేళ్ల తరువాత కూడా ఆ గడియారం అదే హాలులో సెకను తప్పకుండా నడుస్తోంది. ఆయన పన్నెండో ఎత్తు దాకా ఎన్నడూ వెళ్లలేదు.