కరీబియన్‌లో చొల్లంగి అమావాస్య

ఆ పొద్దున సముద్రానికి వెళ్ళవలసిన పని ఆ ఇంట్లో ఇద్దరికి ఉంది. కారు మాత్రం ఒక్కటే. జరిగినదానికంతటికీ మూలం అదే.

ఖతార్‌లోని అల్ ఘర్రాఫాలో ఓ పెద్ద విల్లాను ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక ముక్కలో సిద్ధార్థ్, ప్రతిమ కాపురం ఉంటున్నారు. సిద్ధార్థ్ ఇంజనీరు. ప్రతిమ ఎంబీఏ చదివింది గానీ, ఆ దేశంలో ఆమె ఉండేది మొగుడి వీసా నీడన. ఎక్కడికి వెళ్ళినా ముందు మొగుడి పేరు, తర్వాత తన పేరు. జీవితంలో ఒక్కసారైనా ఎవరి భార్యగానూ కాకుండా, తన పని మీద తాను ఒక కొత్త దేశంలో దిగాలని ఆమె కోరిక. ఆ కోరిక తీరే దారి హైదరాబాదులో ట్రావెల్స్ నడిపే సుహానా చూపించింది. 'ఆడవాళ్ళ కరీబియన్: సందడి బీచ్‌ల గైడ్' అని తెలుగులో పుస్తకం రాయాలి. రాసినదాన్ని ఫోన్లో లైవ్ పెట్టి ఆడవాళ్ళకు చెప్పాలి. అలా ఒక టూరు నిండితే గైడుగా ప్రతిమే వెళ్తుంది, టికెట్టు కంపెనీది.

పుస్తకం పూర్తయింది. ఏ దీవిలో డోళ్ళ మోత బాగుంటుందో, ఏ ఒడ్డున ఒంటరి ఆడది నిశ్చింతగా కూర్చోవచ్చో, ఏ కొబ్బరినీళ్ళలో ఏం కలుపుతారో అన్నీ రాసింది. స్వయంగా చూడకపోవడం ఒక్కటే లోటు. కిందటి లైవ్‌లో ఎవరో "మీరు వెళ్ళారా అక్కా?" అని నిలదీస్తే నోరు జారి, "వచ్చే లైవ్ అక్కణ్ణుంచే" అనేసింది. ఆ రాత్రి బెంగతో అన్నం సయించలేదు. "సముద్రమంటే సముద్రమే కదా, నీళ్ళ మీద పేరు రాసుంటుందా?" అని మొగుడు ధైర్యం చెప్పాడు. మొగుళ్ళు చెప్పే ధైర్యం ఇలాగే ఉంటుంది.

రెండో పని మామగారు రామకృష్ణారావుగారిది. ఆయన కాకినాడ మనిషి. చొల్లంగి అమావాస్య నాడు సముద్రస్నానం చేసి, పోయిన పెద్దలకు తర్పణాలు వదలకపోతే ఆయనకు ముద్ద దిగదు. భార్యతో కలిసి విజిట్ వీసా మీద నెల్లాళ్ళకని వచ్చి, పొడిగించిన వీసానే మళ్ళీ పొడిగించుకుంటూ ఉండిపోయారు.

"జనం లేని ఒడ్డు చూడరా అబ్బాయ్. పరాయి దేశంలో నలుగురూ వింతగా చూస్తారు" అన్నారాయన కొడుకుతో.

"నాకూ జనం లేని ఒడ్డే కావాలి మామయ్యగారూ" అంది ప్రతిమ.

"నీ పుస్తకం సందడి బీచ్‌ల గురించి కదమ్మా?"

"సందడి స్పీకర్లో పట్టుకొస్తున్నానండీ."

అత్తగారు సావిత్రి మోకాళ్ళ నొప్పులని ఇంట్లో ఉండిపోయింది. నువ్వుల పొట్లం, దర్భలు, రాగిచెంబు మొగుడి చేతికిచ్చి, "లోపలికంటా దిగకండి. నేనిక్కడ కోడలి లైవ్ చూస్తూనే ఉంటాను" అని హెచ్చరించింది.

ఉత్తరానికి పోయే కొద్దీ పొగమంచు చిక్కబడింది. ఒడ్డు చేరేసరికి కారు ముందున్న రోడ్డు కూడా కనపడలేదు. అక్కడ ఎప్పుడో బెస్తవాళ్ళు వదిలేసి పోయిన ఊరొకటి ఉంది. కప్పుల్లేని ఇళ్ళు, తలుపుల్లేని గుమ్మాలు. మంచు ఒక గుమ్మంలోంచి లోపలికి పోయి మరో గుమ్మంలోంచి బయటికి వస్తోంది. పక్షి కూత కూడా లేదు. ఆటు మీదున్న సముద్రం చాలా దూరం వెనక్కి పోయి, అలికిడి లేకుండా పడుకుని ఉంది. మోకాలి లోతు నీళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో తెలియడం లేదు.

"ఇదేం సందడిరా బాబూ" అని రామకృష్ణారావుగారు తెల్లపంచె బిగించి, చెంబు పట్టుకుని, కోడలి పనికి అడ్డు రాకూడదని దూరంగా నడుచుకుంటూ మంచులో కలిసిపోయారు. ఆ మంచులో దూరమేదో దగ్గరేదో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? తిరిగి తిరిగి కోడలి వెనకవైపుకే వచ్చి నీళ్ళలో దిగారని ఎవరికీ తెలియదు.

ప్రతిమ పువ్వుల చొక్కా వేసుకుంది, గడ్డి టోపీ పెట్టుకుంది. కొబ్బరిబోండానికి కాగితం గొడుగు గుచ్చి చేత పట్టుకుంది. సిద్ధార్థ్ ఫోను పట్టుకుని, స్పీకర్లో కరీబియన్ డోళ్ళు పెట్టాడు. చెమ్మకు స్పీకరు గొంతు పోయిందో ఏమో, హుషారుగా మోగవలసిన డోళ్ళు ధబ్... ధబ్... అని ఆగి ఆగి వచ్చాయి. శవం ముందు డప్పు అలాగే మోగుతుంది.

"హాయ్ హాయ్! చూశారా, కరీబియన్‌లో ఉన్నాను! ఇక్కడ ఎంత సందడో!" అంది ప్రతిమ పళ్ళు టకటకలాడుతుండగా.

వందలమంది ఆడవాళ్ళు చూస్తున్నారు. తెర మీద రాతలు పడడం మొదలైంది. మొదటిది కరీంనగర్ నుంచి. "అక్కా, గిప్పుడు ఆడ రాత్రి గద? మా తమ్ముడు ఆ దిక్కు షిప్పుల పని చేస్తడు. గిప్పుడే పండుకుంటున్న అని ఫోన్ చేసిండు."

భూమి గుండ్రంగా ఉంటుందన్న సంగతి ఈ పథకంలో మొగుడూ పెళ్ళాలిద్దరికీ తట్టలేదు. కానీ ఎంబీఏ చదువు ఊరికే పోదు. చుట్టూ తెల్లగా ఉన్న మంచును చూసి ప్రతిమ చప్పున అంది. "అవునండీ, రాత్రే! ఇదంతా వెన్నెల. ఇక్కడి వెన్నెల ఇలాగే పిండారబోసినట్టు ఉంటుంది."

వెంటనే రాజోలు నుంచి ఓ పెద్దావిడ రాసింది. "ఇవాళ అమావాస్య కదమ్మాయ్. వెన్నెలెక్కడిది?"

ప్రతిమ టోపీ కిందికి లాక్కుంది. తెర మీద రాతలు ఆగిపోయాయి. డోలు ధబ్ మంది. సరిగ్గా అప్పుడు ఆమె వీపు వెనక మంచులోంచి ముసలి గొంతు ఒకటి సాగదీస్తూ లేచింది.

"సుభద్రమ్మా... స్వధా నమస్తర్పయామి... వెంకటరత్నమ్మా... అచ్చమ్మా... రండి తల్లీ... దప్పికగా ఉందేమో, తాగండి తల్లీ..."

మంచు కాస్త పలచబడింది. మోకాళ్ళదాకా నీళ్ళలో ఒక తెల్లటి ఆకారం చేతులెత్తి నిలబడి ఉంది. వేళ్ళ సందుల్లోంచి నల్లటి నువ్వులు, నీళ్ళు జారుతున్నాయి. మంత్రం అయిపోయినా, కన్నతల్లిని సంస్కృతంలో పిలిచి ఊరుకోవడం ఆయనకు చేత కాదు. ఏటా తెలుగులో మళ్ళీ పిలుస్తారు. ఏటా ఎవరూ పలకరు.

ఈ ఏడు పలికారు.

"ఆ... వస్తున్నం! ఆడనే ఉండుండ్రి!" అని సముద్రం వైపు నుంచి ఆడగొంతు వచ్చింది.

సిద్ధార్థ్ ఫోను దించడం మరిచిపోయాడు, లైవ్ ఆగలేదు. నీళ్ళ మీద మంచులో మూడు నల్లటి ఆకారాలు కనిపించాయి. కాళ్ళు కనపడడం లేదు. చప్పుడు లేకుండా దగ్గరికి వస్తున్నాయి. రెండు ముందు, కాస్త పొట్టిగా ఉన్న మూడోది వెనక. పిలిచింది ముగ్గుర్ని, వచ్చింది ముగ్గురు. ప్రతిమ చేతిలోంచి కొబ్బరిబోండాం జారిపోయింది. సిద్ధార్థ్‌కు చిన్నప్పుడు నేర్చుకున్న దండకమంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది గానీ ఎక్కడ మొదలు పెట్టాలో తెలియలేదు.

రామకృష్ణారావుగారు మాత్రం పారిపోలేదు. చెంబు వదిలేసి, రెండు చేతులూ చాచి, పసిపిల్లాడిలా ఏడ్చేశారు.

"అమ్మా! వచ్చావా? ఇంత చలిలో ఇంత దూరం వచ్చావా? నేను దేశం మారానని నీకెవరు చెప్పారమ్మా? నువ్వు పోయాక నోటికి హితవైన ముద్ద తిన్లేదమ్మా. నీ చేతి పనసపొట్టు కూర మళ్ళీ ఎక్కడా దొరకలేదమ్మా!"

ఆ మాటకు ప్రతిమకు కూడా భయం పోయి కళ్ళ నీళ్ళొచ్చాయి. తెర మీద దండాలు వరదలా పడుతున్నాయి. ఒకావిడ దేవుడి గదిలోకి పరిగెడుతున్నానని రాసింది. పరిగెడుతూ ఎలా రాసిందో మరి. వాటి మధ్య అల్ ఘర్రాఫా నుంచి ఒక రాత పడింది. "పనసపొట్టు సంగతి ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. సావిత్రి."

ఈలోగా ముందున్న నల్లటి ఆకారం వచ్చి రామకృష్ణారావుగారి రెక్క పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వెచ్చగా ఉంది.

"ఏమైంది అంకుల్? అట్ల గట్టిగ పిలుస్తుంటే మునిగిపోతున్నరేమో అని ఉరికొచ్చినం" అంది. నల్ల బురఖాలో ఉన్న ఆమె పేరు తహెరున్నీసా. హైదరాబాదు మనిషి, ఇక్కడ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉంటుంది. ఆటు సమయానికి నీళ్ళల్లో గవ్వలు ఏరుకోవడానికి వచ్చిందట.

ప్రతిమకు ఊపిరి వచ్చింది. దాంతోపాటు సిగ్గు కూడా వచ్చింది. పుస్తకమూ వద్దు, టూరూ వద్దు, ఇంతమంది ఆడవాళ్ళను హడలగొట్టిన పాపం చాలనుకుని ఫోను దగ్గరికి వచ్చి టోపీ తీసేసింది.

"క్షమించండి. నేను అబద్ధం చెప్పాను. ఇది కరీబియన్ కాదు, ఖతార్. ఇది రాత్రి కాదు, పొద్దున్నే. ఆయన మా మామగారు, చొల్లంగి అమావాస్యకని తర్పణాలు వదులుతున్నారు. మీరు చూసిన ముగ్గురూ దయ్యాలు కాదు, గవ్వలు ఏరుకోవడానికి వచ్చిన మనలాంటి ఆడవాళ్ళు. కావాలంటే ఈవిణ్ణే అడగండి. చెప్పండక్కా, మీరు ముగ్గురూ ఎక్కణ్ణుంచి వచ్చారో."

తహెరున్నీసా ఫోను వంక చూసి నవ్వింది. "ముగ్గురం ఎక్కడిది? నేను, మా బిడ్డ ఇరం, ఇద్దరమే వచ్చినం. మా ఆయన గయాజ్ కారుల పండుకున్నడు. మా ఎనక నడిచొచ్చిన ముసలామె మీ మనిషే అనుకున్నం."

అందరూ వెనక్కి తిరిగారు. ఇరం ఒక్కతే గవ్వల సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక సముద్రం ఉంది, సముద్రం మీద మంచు ఉంది. స్పీకరు దానంతటదే ఆగిపోయింది.

"మా అమ్మ పొట్టిగానే ఉండేది" అన్నారు రామకృష్ణారావుగారు మెల్లిగా.

లైవ్ అక్కడితో ఆగింది. తిరుగుదారి పట్టారు. కారులో వెనక సీట్లో రామకృష్ణారావుగారు ఒక మూలకు ఒదిగి కూర్చున్నారు, పక్కన చోటు వదిలి. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి వంటింట్లో గిన్నెలు మామూలుకన్నా గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. ప్రతిమ ఫోను మోగింది. సుహానా. టూరు పోయిందని చెప్పడానికే అనుకుంది ప్రతిమ. మొగుడి వీసా నీడన మిగిలిన కాలమంతా వెళ్ళదీయాలి కాబోలనుకుంటూ ఫోనెత్తింది.

"మేడం, టూరు నిండింది!" అంది సుహానా. "ఒక్కటి కాదు, రెండు బ్యాచులు! పొద్దుటి నుంచి ఫోన్లే ఫోన్లు."

"అబద్ధమని చెప్పేశాను కదండీ!"

"అదే మంచిదైంది. కరీబియన్ అంటే వీసా కష్టం, దూరం గూడ ఎక్కువ. అది ఖతారే అని మీ నోటితోనే చెప్పిన్రు కదా, పోయినోళ్ళు వచ్చేది అక్కడికే అని అందరికీ నమ్మకం కుదిరింది. వచ్చే అమావాస్యకు అందరూ అక్కడికే వస్తమంటున్నరు. వాళ్ళ వాళ్ళ అమ్మలను చూసుకోవాలంట. కరీబియన్ టూరు తీసేసినం. గైడు మాత్రం మీరే మేడం, మీ పేరు మీదనే. మీరు ఆల్రెడీ అక్కడనే ఉన్నరు కాబట్టి టికెట్ గూడ అక్కర్లేదు."

ప్రతిమ సోఫాలో కూలబడింది. కోరుకున్న ఉద్యోగం వచ్చింది. తన పేరు మీదే వచ్చింది. వెళ్ళవలసిన దేశం మాత్రం గుమ్మం దాటితే చాలు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి కానిచ్చింది.

"ఇంకొక్క మాట మేడం" అంది సుహానా. "బుక్ చేసిన ప్రతి ఒక్కరూ ఒకటే డౌటు అడుగుతున్నరు. ఆ బీచ్‌కి అమ్మలు ఒక్కరే వస్తరా, అత్తలు గూడ వస్తరా?"

ప్రతిమ వంటింటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"రారండీ. అత్తగార్లు బతికుండగానే వచ్చేస్తారు."