పోయినదాని రంగు, గుర్తులు

ప్రజలకు తెలియజేయునది ఏమనగా, బస్సుల్లో పోయిన వస్తువులను వెతికిచ్చే మా కార్యాలయం సోమవారం నుంచి శుక్రవారం వరకు తెరిచే ఉంటుంది. ఎవరూ రారు. అందరూ రోడ్డు దాటి ఎదురు చర్చిలోకి పోతారు. అక్కడ పునీత అంతోనివారి స్వరూపం, అంటే విగ్రహం, ఉంది. ఆయన పోయి దగ్గర దగ్గర ఎనిమిది వందల ఏళ్లయింది. కుర్చీ లేదు, రబ్బరు స్టాంపు లేదు, కనీసం ఒక రిజిస్టరైనా లేదు. అయినా పోయిన తాళాలూ ఉంగరాలూ గొడుగులూ వెతికి పెడతారని లోకమంతా ఆయన వెంటే పడింది. పదకొండేళ్ల సర్వీసున్న నాకు కడుపు మండదా, మీరే చెప్పండి!

అలాంటిది మొన్న ఒక పెద్దావిడ పొరపాటున మా మెట్లెక్కింది. మూడు నెలల్లో మొదటి మనిషి! ఫారం తీసి, కళ్లజోడు సర్దుకున్నాను. నా సొంతది ఎక్కడో పారేసుకున్నాను లెండి. ఇది మా బీరువాలో ఊరికే పడి ఉంటే ప్రజాసేవకు వాడుతున్నాను.

“పోయినది ఏమిటమ్మా?”

“మా ఆయన పోయారు నాయనా.”

రాసుకున్నాను. “ఎప్పుడు?”

“పోయిన మంగళవారం.”

“రంగు?”

“చామనఛాయ.”

“చివరిసారి ఎక్కడ పెట్టారు?”

“ఎక్కడ పెడతారు నాయనా, మట్టిలో పెట్టాం” అని కళ్లొత్తుకుంది.

ఆ గడిలో ‘మట్టి’ అని గుండ్రంగా రాశాను. నా దస్తూరికి ఒకసారి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

“ఆయన ఎలాగూ రారు. ఆయన కళ్లజోడు కావాలి నాయనా. ఆస్పత్రి నుంచి వస్తూ బస్సులో వదిలేశాను. ఎడమ కాడకి తెల్లదారం చుట్టుకున్నారు. బాగుచేయించుకోమని రోజూ తిట్టేదాన్ని. ఇప్పుడు నాకు అదొక్కటి దొరికితే చాలు.”

నిబంధన ప్రకారం ఒక ఫారానికి ఒకే వస్తువు. ఇందులో భర్తను ఎక్కించేశాం గనక, కళ్లజోడు కోసం సోమవారం కొత్త ఫారంతో రమ్మని మర్యాదగా చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

“ఏమో నాయనా, నిన్ను చూస్తుంటే ఎందుకో ఆయనే గుర్తొస్తున్నారు” అని రోడ్డు దాటి వెళ్లిపోయింది.

నా పెద్దమనిషి తరహా చూసి అందనుకుని తెగ పొంగిపోయాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ మా అటెండరు గొంతు సవరించుకున్నాడు.

“సార్, ఆ తెల్లదారం మీ చెవి మీదే ఉంది.”

తీసి చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. పిలిచి ఇద్దామంటే ఏ ఫారం మీద ఇవ్వాలి? పైగా ఏ మొహం పెట్టుకుని ఇవ్వాలి? పరుగున చర్చిలోకి వెళ్లాను. ఆవిడ కళ్లు మూసుకుని అంతోనివారికి మొదటి నుంచీ చెప్పుకుంటోంది. ఆయన ఒక్క మాటా అడ్డు రాలేదు. రంగు అడగలేదు. కళ్లజోడు ఆయన పాదాల దగ్గర పెట్టి, స్తంభం వెనక నక్కాను.

ఆవిడ కళ్లు తెరిచింది. దారం తడిమి చూసి, అక్కడే కూలబడి భోరుమంది. నాకూ ఏడుపొచ్చింది. దానికి సంజాయిషీ ఎవరూ అడగలేదు.

ఈ మహిమ ఊళ్లో పాకి, మర్నాటికి అంతోనివారి ముందు వరుస రెండింతలై మా గుమ్మం దాకా వచ్చింది. మా రిజిస్టరులో మాత్రం ‘పోయినది: భర్త. గాలింపు కొనసాగుతున్నది’ అనే ఉంది.

ఇక నా కళ్లజోడంటారా? మా కార్యాలయంలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ మా సంగతి నాకు తెలియదా? నిన్న నేనూ వెళ్లి ఆ వరుసలో నిలబడ్డాను. నా ముందు మా పెద్దసారు ఉన్నారు. నా వెనక ఉన్నది మీరేననిపించింది, కళ్లజోడు లేదు గనక ఖాయంగా చెప్పలేను. ఏం పోయిందని ఎవరం ఎవరినీ అడగలేదు. అడిగితే ఫారం నింపాలి.