అద్దాల బీరువా విమోచనం

శ్రోతలారా, చెవులు అప్పగించండి. ప్రచండమార్తాండుడు మధ్యాహ్నగగనసింహాసనారూఢుడై నిప్పులు చెరుగుతున్న వేళ, ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, కళ్లద్దాల దుకాణం యజమానురాలు, సకలమందదృష్టిజనోద్ధారిణి, తుదిశ్వాస విడిచిన ఆ రోజున, టీచరమ్మ ఒకే ఘడియలో ఇద్దరిని కోల్పోయింది. ఒకరు, ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద కాపురం చేసిన తోడు. రెండోవారూ ఆవిడే, తన కథలకు సమస్త భూమండలంలో ఉన్న ఏకైక పాఠకురాలు. మొదటి నష్టాన్ని లోకం "పాపం, రూమ్మేట్ పోయిందట" అని మూడు ముక్కల్లో సరిపెట్టింది. రెండోదాన్ని గమనించనే లేదు.

ఆ తోడు ఊపిరున్నంతవరకు పెన్సిలు పట్టి దిద్దిన టీచరమ్మ నవల, చివరి అధ్యాయం చేర్చుకుని, ఆ తర్వాత అచ్చయింది. ఒక ప్రతి పట్టణ గ్రంథాలయానికి చేరింది. చేరిన మర్నాడే చెరబడింది. నిశ్శబ్దసామ్రాజ్యపాలనాధురంధరుడైన గ్రంథపాలకుడు దాన్ని 'మన ఊరి రచయితలు' అనే అద్దాల బీరువాలో సగౌరవంగా ప్రతిష్ఠించి తాళం వేశాడు. ఆ బీరువాలో పుస్తకానికి దుమ్మూ అంటదు, పాఠకుడూ అంటడు. కావలసినవారు బల్ల దగ్గరికి వెళ్లి, పేరు పైకి చెప్పి, తాళం తీయించుకుని, ఆయన కళ్లెదుటే కూర్చుని చదవాలి. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథను అలా నోరు తెరిచి అడగగలిగే వీరులెవరు? అది ఎవరికి అవసరమో వాళ్లే అందరికన్నా ముందు వెనుదిరుగుతారు. ఆ సంగతి టీచరమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అయితే గ్రంథాలయ యుద్ధతంత్రంలో ఒక మర్మం ఉంది. అరల్లో కొలువుదీరిన వేల పుస్తకాలను కాదని జనం ఎగబడేది వాపసు బండి మీదికే. ఎవరో చదివి ఇచ్చారు కనుక బాగుంటుందని నమ్మకం. చదవలేక తెచ్చి పడేశారేమోనన్న శంక ఏ ఒక్కరికీ రాదు.

ఆ బండే లక్ష్యంగా, ఒక శనివారం ఉదయం, ఛత్రమనే గదను చంకన ఇరికించుకుని, చేతిసంచి అనే కవచాన్ని భుజాన తగిలించుకుని, టీచరమ్మ బీరువా ఎదుట నిలిచి ఇలా గర్జించింది:

"ఓయీ తాళపుచెవిధారీ! మా ఇద్దరి సంసారాన్ని గాజుపేటికలో బంధించి లోకానికి వెన్ను మాత్రమే చూపిస్తావా? నేడు నా కావ్యాన్ని ఈ కారాగారం నుంచి విడిపించి వాపసు రథాన్ని అధిరోహింపజేయనినాడు, నాది ఎర్రసిరా పట్టిన చెయ్యే కాదు!"

ఈ భీషణప్రతిజ్ఞ ఆమె కంఠసీమ దాటలేదు. పెదవులు దాటింది ఇంతే:

"ఆ పుస్తకం ఓసారి ఇస్తారా అండీ?"

"మీ పుస్తకం మీరే చదువుకుంటారా మేడమ్?"

"అచ్చుతప్పులు చూద్దామని."

"అట్ట జాగ్రత్త మేడమ్. నలుగురి చేతులూ పడితే మాసిపోతుందనే లోపల పెట్టాను. పైగా..." గ్రంథపాలకుడు గొంతు తగ్గించాడు. "వెనక అట్ట మీద రాసింది చూశాను. మన పాఠకులు కాస్త పాతకాలం వాళ్లు కదా."

"లోపల చదివారా?"

"అబ్బే, ఎక్కడ? తాళం వేసుంది కదా మేడమ్."

తాళపుచెవి ఆయన చేతిలోనే గలగలలాడింది.

బీరువా తెరిచి నవలను ఆమె చేతిలో పెట్టాడో లేదో, ఫోను మోగింది. ఆయన అటు తిరిగిన నిమేషమాత్రంలో నవల వాపసు బండిని అధిరోహించింది. టీచరమ్మ వార్తాపత్రికావ్యూహం వెనక నక్కింది.

అదిగో, ప్రవేశించింది విశ్రాంత నర్సమ్మ! నేరపరిశోధక నవలలను నమలకుండా మింగే మహాపాఠకురాలు! అరల వంక కన్నెత్తయినా చూడక, బండి మీదున్న నాలుగు పుస్తకాలూ తిరగేసి, కొత్త అట్ట ఉన్నదాన్ని చంకన పెట్టి బల్ల దగ్గరికి నడిచింది.

"ఇది బీరువా పుస్తకం అమ్మా. ఇంటికివ్వం," అన్నాడు గ్రంథపాలకుడు.

"బండి మీద ఉందిగా. బండి మీదున్నది ఇవ్వాల్సిందే. నాకు రూల్సు చెప్పకు బాబూ, నువ్వు ఈ కుర్చీలోకి రాకముందు నుంచీ వస్తున్నా."

"అది కాదమ్మా, మీకు నచ్చే కథ కాదు."

"ఏం, అంత చెత్తగా ఉందా?"

వార్తాపత్రికావ్యూహం భళ్లున కూలింది.

"చెత్తగా ఏం లేదండీ!"

నర్సమ్మ వెనక్కి తిరిగింది. "నువ్వు చదివావా అమ్మా?"

"రాశానండి."

"ఓహో. హత్య ఉందా ఇందులో?"

"లేదండి. చివర్లో ఒకావిడ పోతుంది."

"ఎవరు చంపారు?"

"ఎవరూ చంపలేదు. జబ్బు చేసింది."

నర్సమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నీకు తెలిసినావిడా?"

ఆహా, ఏమని వర్ణింతును ఆ ఘోరసంగ్రామాన్ని! 'స్నేహితురాలు' అశ్వదళమై ముందుకురికింది. 'రూమ్మేట్' పదాతిదళమై చుట్టుముట్టింది. 'దగ్గరివాళ్లు' వెన్నుపోటుకు పొంచి చూసింది. జీవితమంతా ఆ మాటల చాటునే తలదాచుకున్న టీచరమ్మ, ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ కొట్టేసి, చివరికి మెల్లగా పలికింది:

"మేమిద్దరం కాపురం చేశామండి."

గ్రంథపాలకుడి చేతిలోని ముద్ర గాలిలోనే ఆగింది. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.

"కాపురమంటే గొడవలుంటాయిగా?" అంది నర్సమ్మ.

"ఉంటాయండి. ఫ్యాను మీదే ఒక అధ్యాయం ఉంది. తనకు ఐదులో తిరగాలి, నాకు రెండు చాలు."

"మా ఆయనా అంతే! దుప్పటి ముసుగుపెట్టి మరీ ఐదులో పెట్టేవాడు, మహానుభావుడు. ఏం బాబూ, చూస్తున్నావేంటి? వెయ్యి ముద్ర."

ఠప్!

ఆ ముద్రాఘాతానికి దిక్కులు పిక్కటిల్లలేదు, దిగ్గజాలు ఘీంకరించలేదు. మూలన కునుకు తీస్తున్న ఒక పెద్దమనిషి మాత్రం ఉలిక్కిపడ్డాడు. జయము! జయము! దుర్భేద్యకాచదుర్గం కూలింది! ఒక ప్రతి, ఒక పాఠకురాలు, రెండు వారాల గడువు! కనివిని ఎరుగని ఈ మహావిజయాన్ని యావత్ ప్రపంచమూ ఎరుగుగాక!

నర్సమ్మ పుస్తకాన్ని కూరగాయల సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లింది. ఇంకా మొదటి పేజీ తెరవలేదు.