మూడో పేరాలో ఉన్నది నేనే

పారిశ్రామికీకరణ కాలపు అమెరికాలో బడా వ్యాపారం, రాజకీయ అవినీతి జంటగా ఎలా పెరిగాయన్న విషయం మీద ఎందరో పుస్తకాలు రాశారు, ఎందరో చదివారు, మరెందరో పరీక్ష రాసి మర్చిపోయారు. కానీ ఆ పాఠం వల్ల మనోభావాలు దెబ్బతిన్న మొట్టమొదటి ఊరుగా చరిత్రకెక్కే గౌరవం మా తిరువూరుకే దక్కింది. (తిరువూరు అమెరికాలో లేదని ధ్రువీకరించవలసిందిగా సర్వే విభాగానికి లేఖ వెళ్లింది. జవాబు రావలసి ఉంది.)

జరిగింది చిన్న విషయమే. ఊళ్లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బాలశౌరి గారని చరిత్ర లెక్చరర్ ఉండేవారు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మే ముప్ఫై ఒకటిన ఆ ఉద్యోగం పోతుంది, రెన్యువల్ కాగితం వస్తే జూన్ ఒకటిన మళ్లీ పుడుతుంది. మొన్న ఏప్రిల్‌లో, పరీక్షల ముందు పిల్లలు అడిగారు కదా అని, ఆయన అమెరికా మీద పది మార్కుల ప్రశ్నకు జవాబును నాలుగు పేరాల్లో రాసి వరండాలోని నోటీసు బోర్డుకు అంటించారు.

మొదటి పేరాలో రైళ్లు వచ్చాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి అని ఉంది. దానితో ఎవరికీ పేచీ లేదు. రెండో పేరాలో, ఒక రైలు కంపెనీ పెద్దలు తమ వాటాలను చట్టసభ సభ్యులకు చౌకగా అమ్మి, విచారణ అన్న మాట రాకుండా చూసుకున్నారని ఉంది. మూడో పేరాలో, ఒక నూనె వ్యాపారి రైలు కంపెనీలతో మాట్లాడుకుని తన సరుకుకు కిరాయి తగ్గింపు పొందడమే కాక, పోటీదారులు కట్టే కిరాయిలో కూడా వాటా తీసుకుని, చివరికి ఆ పోటీదారులనే కొనేశాడని ఉంది. నాలుగో పేరాలో, ఒక నగరంలో కోర్టు భవనం ప్లాస్టరింగుకు అయిన ఖర్చు చూసి జనం నోరెళ్లబెట్టారని ఉంది. నూట యాభై ఏళ్ల కిందటి సంగతులు, అంతే.

ఆ కాలేజీ కరస్పాండెంటు సీతారామారావు గారు. చుట్టుపక్కల మామిడి షెడ్లు ఆయనవి, కోల్డ్ స్టోరేజీ ఆయనది, లారీలు ఆయనవి. వినగడప నుంచి ఎ.కొండూరు దాకా చెట్టు మీద ఉన్నంతసేపూ కాయ ఎవరిదైనా కావచ్చు. చెట్టు దిగాక ఆయనదే. ఆయన లారీల మేనేజరు ఏదో పని మీద కాలేజీకి వచ్చి, బోర్డు చదివి, మూడో పేరాను ఫోటో తీసి ఆయనకు పంపాడు. కింద ఒక్క మాటే రాశాడు: "సార్, మన గురించి రాశారు."

ఆయన తలచుకుంటే ఆ సాయంత్రానికే బాలశౌరిని ఇంటికి పంపగలరు. కానీ సీతారామారావు గారు పద్ధతి గల మనిషి. "ఊరికే తీసేస్తే తీసేశాడంటారండీ. రూల్ ప్రకారం వెళ్దాం" అని మనోభావాల మదింపు కార్యాలయంలో ఫిర్యాదు చేశారు. ఎరువుల కొట్టు పైన మూడు గదుల్లో నడిచే ఈ కార్యాలయానికి మణికంఠ గారు ఇన్‌చార్జి అధికారి. (ఆయన అసలు పోస్టు పశుగణనలో. లెక్కించే పని ఎక్కడైనా ఒకటేనని పైవారి అభిప్రాయం.) ముగ్గురితో విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు మణికంఠ గారు, కార్యదర్శి ఆయన గుమస్తా, ప్రజల తరఫు సభ్యుణ్ని నేను. నేను రిటైరైన తెలుగు మాస్టారిని. పెనుగొలనులో నాలుగెకరాల మామిడి తోట ఉంది. ఇంతవరకూ ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదని నాకు మంచి పేరు.

ఫిర్యాదుకు ఫారం ఉంది. అందులో ఆరో గడి: "మీరు ఏ పేరాలో ఉన్నారు?" ఏడో గడి: "ఉన్నది మీరేనని రుజువులు జతచేయండి." రుజువు లేని మనోభావాన్ని కార్యాలయం గుర్తించదు. ఈ ఏడో గడి ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆయనకు ఒక దండం.

మొదటి రోజు సీతారామారావు గారు స్వయంగా వచ్చారు.

"మూడో పేరాలో ఉన్నది మీరేనని ఎలా చెప్పగలరండీ?" అని మణికంఠ గారు మర్యాదగా అడిగారు.

"నేను కాకపోతే ఇంకెవరండీ?" ఆయనకు నిజంగానే బాధ కలిగింది. "పక్కోడి లోడు మీద కూడా వాటా తీసుకునే మొగాడు ఈ చుట్టుపక్కల ఇంకోడు ఉన్నాడా? ఉంటే చూపించండి, ఇప్పుడే లేచి వెళ్లిపోతాను."

రుజువులుగా లారీల సంఘంతో రాసుకున్న ఒప్పందం, ఆయన కొనేసిన ఆరు షెడ్ల కాగితాలు జతచేశారు. అన్నిటి మీదా ఆయా శాఖల అధికారుల సంతకాలు, ముద్రలు ఉన్నాయి. మణికంఠ గారు ఒక్కొక్కటీ చూసి, సరిపోయిందని పచ్చ సిరాతో టిక్కు పెట్టారు.

ఈ వార్త ఊళ్లో పొక్కింది. పెద్దాయన ఒక్కడికే పేరా ఉంటే మిగతావాళ్ల గౌరవం ఏం కావాలి? మర్నాడు కాంట్రాక్టరు హనుమాయమ్మ గారు వచ్చారు. నాలుగో పేరా తనదేనన్నారు. కమ్యూనిటీ హాలు ప్లాస్టరింగు బిల్లు తెచ్చారు. గోడలకు మూడుసార్లు పూత వేసినట్టు బిల్లులో ఉంది. (హాలుకు ఇంకా గోడలు లేవు.)

"పని మా ఆయన చూసుకున్నారండీ, కానీ కాంట్రాక్టు నా పేరు మీదే ఉంది. పేరాలో నన్నే రాయించండి. ఆడవాళ్ల పేరు ఎక్కడా రానివ్వరు" అన్నారామె.

ఆ తర్వాత వచ్చిన జోజిబాబు గారు వార్డు నాయకుడు. ఆయన కోపం వేరు.

"రెండో పేరాలో 'చౌకగా అమ్మారు' అని రాశాడండీ! అంటే నేను డబ్బులిచ్చి కొనుక్కున్నట్టా? కోల్డ్ స్టోరేజీలో వాటా నాకు ఊరికే ఇచ్చారండీ. నాలుగు రోజులు పోతే జనం ముందు తలెత్తుకు తిరగాలా వద్దా?"

"అది అమెరికా వాళ్ల సంగతండీ" అని, రోజూ హాజరు వేయించుకుని మూల బెంచీ మీద కూర్చునే బాలశౌరి మెల్లగా అన్నారు. "అక్కడ అమ్మారు."

"మరి ఓట్లు కొన్న సంగతి ఏదీ? అమెరికా వాడికి అదీ తెలీదా?"

"ఉందండీ. బోర్డు మీద చోటు చాల్లేదు."

జోజిబాబు గారు కాస్త శాంతించారు. ఐదో పేరా వేస్తే తనకే రిజర్వు చేయాలని రాసిచ్చి వెళ్లారు.

మూడు వారాల్లో నూట ఎనభై ఫారాలు వచ్చాయి. రెండో పేరాలో మొదటి స్థానం కోసం తొమ్మిది మంది పోటీ పడితే లాటరీ తీశారు. ఈ ఊళ్లో ఎవరు ఎవరికి ఏమిచ్చి ఏం చేయించుకున్నారో, తేదీలతో సహా, ముద్రలతో సహా, ఎప్పుడూ ఏ పోలీసూ రాయలేనంత చక్కని దస్త్రం తయారైంది. దాన్ని ఎవరూ చదవలేదు. ఫారాలు పూర్తిగా నింపారా లేదా అని చూడటం వరకే సంఘం పరిధి.

చివరి రోజు బాలశౌరి వంతు వచ్చింది. ఆయన భార్య అంతోనమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అప్పటికి రెన్యువల్ గడువు నాలుగు రోజులుంది.

"మీరు అమెరికా వెళ్లారా?" అని మణికంఠ గారు అడిగారు.

"లేదండి. బెజవాడ దాకా వెళ్లాను."

"అమెరికా చూడలేదు. తిరువూరు రోజూ చూస్తున్నారు. మనిషి చూసిందే రాస్తాడు. కాబట్టి ఏ ఊరి గురించి రాశారో మీరే చెప్పండి."

"పుస్తకంలో ఉన్నది రాశానండి."

"పుస్తకంలో ఉన్నది నూట ఎనభై మందికి సరిపోయింది. కాకతాళీయం ఒకరికో ఇద్దరికో అవుతుంది గానీ నూట ఎనభైకి అవదు."

ఈ తర్కానికి గుమస్తా తల ఊపాడు. నేనూ ఊపాను. తర్వాత మణికంఠ గారు దయతో ఒక కాగితం ముందుకు జరిపారు. "అమెరికాలో అలాంటివేవీ జరగలేదు" అని ఒక్క వాక్యం. సంతకం పెడితే రెన్యువల్ అవుతుందని సీతారామారావు గారు మాటిచ్చారు.

బాలశౌరి కాగితం చదివారు. "సంతకం పెడితే నాకు ఉద్యోగం ఉంటుందండి. కానీ దీన్ని బోర్డు మీద పెడతారు కదా? వచ్చే ఏడు పిల్లలు పరీక్షలో అదే రాస్తారు. వాళ్ల పది మార్కులు పోతాయి" అన్నారు.

"మన ఇల్లు గడవద్దా అండీ?" అని అంతోనమ్మ తలుపు దగ్గరి నుంచే అడిగింది. ఆయన తల దించుకున్నారు గానీ కలం ముట్టుకోలేదు.

భోజనాల విరామంలో లారీల మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. కేసు మాట ఎత్తలేదు. "మాస్టారూ, మీ కాయలు ఎప్పుడు కోయిస్తున్నారు? లారీలకి బాగా టైటుగా ఉంది" అని మాత్రం అడిగాడు. మధ్యాహ్నం రెండున్నరకు నివేదిక మీద నేను సంతకం పెట్టాను. ఫిర్యాదులన్నీ రుజువయ్యాయి కాబట్టి దోషి బాలశౌరి అని అందులో ఉంది. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పెట్టినా సంతకం చెల్లుతుంది. మర్నాడు మా కాయలు కోతకొచ్చాయి, లారీ వేళకే వచ్చింది.

జూన్ ఒకటిన బాలశౌరి ఉద్యోగం మళ్లీ పుట్టలేదు. వెళ్తూ వెళ్తూ ఆయన తర్వాతి పాఠం కాగితాలు గ్లోరి అనే విద్యార్థినికి ఇచ్చారట. కాలేజీ తెరిచిన రోజే ఆ అమ్మాయి వాటిని అదే బోర్డుకు అంటించింది. అమెరికాలో ఆ తర్వాత ఏం జరిగిందో అందులో ఉంది. కొందరు పత్రికల వాళ్లు ఈ గుట్టంతా బయటపెట్టారు, కొందరు మామూలు మనుషులు లేచి అడిగారు, కొందరు అధికారులు లొంగలేదు, చివరికి కోర్టు ఆ నూనె కంపెనీని ముక్కలు చేసింది.

మణికంఠ గారు ఈసారి ముందే జాగ్రత్త పడ్డారు. రెండు వందల ఫారాలు అచ్చు వేయించి, మెట్ల కింద షామియానా కట్టించి, మంచినీళ్ల క్యాన్లు పెట్టించి, పది రోజులు కూర్చున్నారు.

ఈ పాఠంలో ఉన్నది తామేనంటూ తిరువూరు మొత్తం మీద ఒక్కరూ రాలేదు. నేను షామియానా దాకా వెళ్లి ఒక ఫారం తీసుకున్నాను గానీ, ఏడో గడిలో రుజువులు అడుగుతున్నారు.