డెబ్బై దాటని రాక్షసి

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటాను. నాకొక జబ్బుంది. ఎవరైనా ఏదైనా చెప్పబోతే, వాళ్ళ నోట్లోంచి మూడో మాట వచ్చేలోపు "నాకు తెలుసు" అనేస్తాను. దీనికి మందు లేదు, పైగా ఇంజనీరింగ్ చదివితే ముదురుతుంది. కాబట్టి ఈ కథలో పిల్లని నేను వెనకేసుకొస్తున్నట్టు మీకు అనిపిస్తే, అది అనిపించడం కాదు, నిజమే.

ఆ పిల్లని ఇంట్లో అందరూ మొండిఘటం అంటారు. ఆదివారం ఉదయం ఆమె ప్లాను చాలా చిన్నది. కారు తీయాలి, నది వంతెన దాకా వెళ్ళాలి, వెనక్కి రావాలి, గెలవాలి.

కారు పేరు రాక్షసి. ఎర్ర రంగు, రెండే తలుపులు, బానెట్ కింద ఎనిమిది సిలిండర్లు. మేనత్త ఒకప్పుడు దానితో కొండదారి రేసుల్లో కప్పులు కొట్టింది. ఆవిడ మోకాళ్ళు క్లచ్‌తో తెగతెంపులు చేసుకున్నాక తాళం తెచ్చి మేనకోడలి చేతిలో పెట్టి, "దీన్ని ఎవడికీ ఇవ్వకే" అంది. అంతే, మొండిఘటానికి అది శాసనం అయిపోయింది. రాక్షసికి రూపం, అరుపు, పరుగు అన్నీ బ్రహ్మాండమే. తిండి దగ్గరే గొడవ. లీటరు పెట్రోలు తాగి ఏడు పాయింట్ నాలుగు కిలోమీటర్లు నడిచేది.

అమ్మ లెక్కల టీచరు. ఆవిడ దగ్గర జాలి ఉండదు, మార్కులుంటాయి. "ఎనిమిదిన్నర ఇస్తే ఇంట్లో ఉంటుంది. ఇవ్వకపోతే అమ్మేస్తాం" అని తేల్చేసింది. ఆ మాట నేలమీద పడకముందే బావ కొనే మనిషిని చూసిపెట్టాడు. బావంటే అక్క మొగుడు. రాక్షసి ఉన్న షెడ్డులో తన టేబుల్ టెన్నిస్ బల్ల వేసుకోవాలని రెండేళ్ళుగా ఆయన కల. టేపుతో కొలతలు కూడా తీసుకున్నాడు.

మొండిఘటం మాత్రం చెయ్యాల్సిన పని ముందే కనిపెట్టింది. వెనక యాక్సిల్‌లో పళ్ళచక్రాలు మార్చడం. అవి రేసుల కోసం పెట్టినవి. చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజన్ నుంచి వచ్చే ఇరుసు నాలుగుసార్లకి పైగా తిరగాలి. కొండెక్కడానికి మంచిదే కానీ, సాఫీ రోడ్డు మీద ఇంజన్ ఊరికే రొప్పుతుంది. మూడుసార్లకి కాస్త పైన తిరిగితే చాలనే చక్రాలు వేస్తే, అదే వేగానికి ఇంజన్ నింపాదిగా నడుస్తుంది, తిండీ తగ్గుతుంది. కాలేజీలో ఈ పాఠం మీద ఆమెకి తొంభై ఆరు మార్కులొచ్చాయి. ఆ సంగతి ఆమె కలిసిన ప్రతివాళ్ళకీ తెలుసు.

శుక్రవారానికల్లా కార్ల మేస్త్రి పని ముగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక చిన్న కాగితం పొట్లం అందించాడు.

"ఇంకొక్క మాటమ్మా, ఈ మీటరు దగ్గర..."

"నాకు తెలుసు మేస్త్రీ."

"తెలుసా? మరి ఇది వేసేవరకూ..."

"తెలుసన్నానా! నేను చదివిందే అది."

మేస్త్రి పెద్దమనిషి. చదువుకున్న పిల్ల అనుకుని ఊరుకున్నాడు. పొట్లం డాష్‌బోర్డు అరలోకి వెళ్ళింది. ఏదో స్పేరు ముక్క అయ్యుంటుందిలే అనుకుంది మొండిఘటం.

ఆదివారం ఏడింటికి అమ్మ పరీక్ష హాల్లోకి వచ్చినట్టే కారులోకి వచ్చింది. ముందుసీట్లో కూర్చుని సంచి తెరిచి, "ఫోన్లు ఇందులో వెయ్యండి" అంది.

"ఫోన్లెందుకత్తయ్యా?" అన్నాడు బావ, వెనకసీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని.

"పరీక్షలో పక్క కాగితాలు చూడకూడదు బాబూ. ట్యాంకు నిండుగా ఉంది. మీటరు సున్నా చేశాం. వేగం డెబ్బై దాటకూడదు, ముల్లు నేను చూస్తుంటాను. మీటరు ఎంత చెబితే అంత."

కారు గేటు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆగింది. కొత్త చక్రాలతో మొదటి కదలిక బరువు. ఎదురింటాయన మొక్కలకి నీళ్ళు పోయడం ఆపేసి చూశాడు.

"ఏం మరదలా, రాక్షసికి వయసైపోయిందా? దిగి తొయ్యమంటావా?"

"నువ్వు దిగితే చాలు బావా, బరువు తగ్గి అదే పోతుంది."

మూడోసారికి కదిలింది. పెద్ద రోడ్డెక్కాక మాత్రం రాక్షసి గొంతే మారిపోయింది. అరుపు లేదు, రొప్పు లేదు. మొండిఘటం ముఖం వెలిగింది. ముల్లు డెబ్బై మీద మేకు కొట్టినట్టు నిలబడింది. ఆశ్చర్యమేమిటంటే, రోడ్డు మీద బండ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెనకబడిపోతున్నాయి.

"ఏంటే ఈవాళ అందరూ ఇంత మెల్లగా పోతున్నారు?" అంది అమ్మ.

"ఆదివారం కదత్తయ్యా, బద్ధకం" అన్నాడు బావ.

వంతెన దగ్గర టిఫిను హోటలు కనిపించేసరికి ముగ్గురికీ ఏదో తేడా కొట్టింది. ఎప్పుడూ వంద కిలోమీటర్లకి వచ్చే హోటలు మీటరులో డెబ్బై అయిదుకే వచ్చేసింది. గంటన్నర పట్టే దారి అమ్మ చేతి గడియారం ప్రకారం గంటా పది నిమిషాల్లో అయిపోయింది.

చదువుకున్న కుటుంబం కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. ముగ్గురూ మూడు కారణాలు కనిపెట్టారు.

"కొత్త బైపాస్ వేసుంటారు, దూరం తగ్గింది" అంది మొండిఘటం.

"లేదు, హోటలే ఇటు జరిగింది. ఇది బ్రాంచి అయ్యుంటుంది" అన్నాడు బావ.

అమ్మ ఇద్దరి మాటలూ కొట్టిపారేసింది. "నా గడియారం మధ్యలో ఆగుంటుంది" అంటూ కీ పట్టుకుని ముల్లుని ఇరవై నిమిషాలు ముందుకి తిప్పేసింది. దూరం సంగతేమిటని అడిగితే, "అది మీ ఇద్దరూ తేల్చుకోండి" అంది. మీటరు తప్పు చెబుతుందేమో అన్న ఊహ మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

తిరిగొచ్చి పెట్రోల్ బంకులో ట్యాంకు మళ్ళీ నింపితే ఇరవైమూడు లీటర్లు పట్టింది. మీటరులో నూటయాభై కిలోమీటర్లు. అమ్మ బంకు చీటీ వెనక లెక్క వేసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఆరున్నర."

"ఏంటి?"

"లీటరుకి ఆరున్నర. ముందు ఏడు పాయింట్ నాలుగు ఇచ్చేది. నువ్వు బాగుచేశాక తగ్గింది."

బావ అప్పటికే సంచిలోంచి తన ఫోను తీసుకున్నాడు. "హలో, సాయంత్రం నాలుగింటికి వచ్చెయ్. ఆ, తాళం సిద్ధంగా ఉంటుంది."

మొండిఘటం గబుక్కున డ్రైవరు సీట్లో కూర్చుని తలుపులు రెండూ లాక్ చేసుకుంది. అద్దం వేలెడు మాత్రం దించి, "లెక్క తప్పు!" అని అరిచింది.

"లెక్క చేసింది నేను" అంది అమ్మ. ఆ గొంతుకి నలభై మంది పిల్లలు ఒకేసారి కూర్చునేవాళ్ళు.

"అయినా తప్పే! ఇంజన్ గొంతు విన్నారుగా? తిరగడం తగ్గితే తాగడం పెరుగుతుందా? నేనివ్వను. బావా, నీ బల్ల నెత్తిన పెట్టుకుని ఆడుకో!"

వెనక క్యూలో హారన్లు మొదలయ్యాయి. బంకు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే ఒక మోటార్‌సైకిల్ వచ్చి రాక్షసికి అడ్డంగా ఆగింది. దాని మీద ట్రాఫిక్ పోలీసు. ఒళ్ళంతా దుమ్ము, చేతిలో చీటీ.

"అమ్మయ్య, దొరికారు! ముప్పై కిలోమీటర్ల నుంచి మీ వెంటే పడుతున్నాను. ఏంటండీ ఆ దూకుడు? ఇక్కడ పరిమితి ఎనభై. కెమెరాలో మీరు తొంభై మూడు."

అమ్మకి ఒళ్ళు మండిపోయింది. "తొంభై మూడా? చూడండి, నేను టీచర్ని. దారి పొడుగునా ముల్లు మీంచి కన్ను తీయలేదు. డెబ్బై అంటే డెబ్బయ్యే!"

"సార్, మా అత్తయ్య అబద్ధమాడరు" అని బావ ఛాతీ విరిచాడు. అప్పటిదాకా కొట్టుకున్న కుటుంబం అరనిమిషంలో ఒక్కటైపోయింది. "మీ కెమెరాకే కళ్ళజోడు కావాలి!"

"పోయేటప్పుడు ఒక కెమెరా తొంభై మూడంది, వచ్చేటప్పుడు ఇంకో కెమెరా తొంభై మూడంది. రెండిటికీ ఒకేలా చత్వారమొస్తుందా?"

కారులో కూర్చున్న మొండిఘటం చెవిలో ఆ అంకె గింగురుమంది. డెబ్బైకి తొంభై మూడు. మూడో వంతు ఎక్కువ. పాత చక్రాలకీ కొత్త చక్రాలకీ తేడా కూడా సరిగ్గా మూడో వంతే. ఆమె చెయ్యి దానంతటదే డాష్‌బోర్డు అరలోకి వెళ్ళింది. పొట్లం విప్పితే ఒక బుల్లి ప్లాస్టిక్ పళ్ళచక్రం. వేగం చూపే మీటరు గేర్‌బాక్సు తోక దగ్గర ఆ ఇరుసు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటుంది. యాక్సిల్ మార్చినప్పుడు ఈ బుల్లి చక్రం కూడా మార్చాలి, లేకపోతే మీటరు అన్నీ తక్కువ చేసి చెబుతుంది. వేగం తక్కువ, దూరం కూడా తక్కువే.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"సార్! తప్పు నాదే! తొంభై మూడే! రాయండి!"

"నోర్ముయ్యవే!" అంది అమ్మ. "నువ్వు డెబ్బయ్యే పోయావు. నేను చూశాను."

"కాదమ్మా, తొంభై మూడు! సార్, చలానా రాయండి, ప్లీజ్!"

పోలీసు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తల్లి నేరం జరగలేదంటోంది, కూతురు శిక్ష వెయ్యమంటోంది. ఆయనకి ఎందుకో జాలేసింది. "సరేనమ్మా, టీచరుగారి ముఖం చూసి ఈసారికి వదిలేస్తున్నా" అని చీటీ జేబులో పెట్టుకోబోయాడు.

మొండిఘటం ఆ చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "వదలొద్దు సార్! చట్టమంటే చట్టమే! నాకది కాగితం మీద కావాలి, తొంభై మూడని, మీ సంతకంతో!"

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇట్లాంటి మనిషిని చూడలేదు" అని గొణుక్కుంటూ ఆయన రాసిచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని మొండిఘటం బానెట్ మీది దుమ్ములో వేలితో లెక్క వేసింది. మీటరు చెప్పింది నూటయాభై. నిజంగా పోయింది రెండు వందలు. రెండు వందల్ని ఇరవైమూడుతో భాగిస్తే ఎనిమిది పాయింట్ ఏడు. అదీ ఆ వేగంలో!

అమ్మ ఆ దుమ్ములో లెక్క మొదట్నుంచీ సరిచూసింది. కెమెరా తప్పయితే కూతురు నిర్దోషి, కానీ కారు ఇంట్లోంచి పోతుంది. కెమెరా రైటయితే కూతురు దోషి, కారు మాత్రం ఉంటుంది. చివరికి సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, బంకు చీటీ వెనక తన ఆరున్నరని అడ్డంగా కొట్టేసింది. టీచరుగా ఆవిడ తన లెక్క కొట్టేసుకోవడం అదే మొదటిసారి.

బావ ఫోను మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. "హలో... నాలుగింటికి రావద్దు. ఆ... అయిదింటికీ వద్దు."

మొండిఘటం తన ఫోను తీసి మేస్త్రికి చేసింది. "మేస్త్రీ, ఆ బుల్లి చక్రం మీటరుదా? నోరు తెరిచి చెప్పొచ్చు కదా!"

"చెప్పబోయానమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "మీకు తెలుసన్నారు."

చలానాకి ఫ్రేము కట్టించి షెడ్డులో మేనత్త కప్పుల పక్కన తగిలించారు. బల్ల ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. అమ్మ గడియారం మాత్రం ఈ రోజుకీ ఇరవై నిమిషాలు ముందే నడుస్తోంది. మీటరు తప్పని ఒప్పుకుంది కానీ, గడియారం రైటని ఇంకా ఒప్పుకోలేదు.

చెప్పబోయిన మనిషి నోరు మూయించి మీరు కూడా ఎప్పుడో ఒకసారి ఇలాగే ఇరుక్కుని ఉంటారు. సిగ్గుపడకుండా ఆ కథ నాకు రాసి పంపండి, చదువుతాను. చివర్లో నీతి మాత్రం రాయొద్దు, అది నాకు తెలుసు.