డిప్యుటేషన్‌పై కుడి చేయి

జిల్లా ఆరోగ్య శాఖ ఉత్తర్వు ప్రకారం సీనియర్ నర్సు హెఫ్సిబా కుడి చేయి వారానికి ఆరు రోజులు ఏజెన్సీ ఆసుపత్రుల్లో డిప్యుటేషన్ మీద పనిచేస్తుంది. మిగతా హెఫ్సిబా విశాఖపట్నంలో, మూడో అంతస్తులో, తెర ముందు కూర్చుంటుంది. చేతిని టీకాల ఐసుపెట్టెలో పెట్టుకుని వ్యాను డ్రైవరు సన్యాసిరావు ఊరూరా తిప్పుతాడు. ఒక్కో రోగి దగ్గర పది నిమిషాలు. చేతికి తగిలినదంతా ఆమెకు తెలుస్తూనే ఉంటుంది: వీపు కింద పక్క తడిసిందో, దుప్పటి ముడత ఒరుసుకుంటోందో, భయంతో నాడి పరుగెడుతోందో. ఆ చేయి చేసే పని చూసి అక్కడి నర్సులు నేర్చుకోవాలి.

నియమావళి రాసింది హెఫ్సిబాయే. నర్సింగ్ స్కూల్లో తన టీచరు పెట్టిన పద్ధతినే అందులో రాసింది: నేర్చుకునేవారు చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. ఎన్నాళ్ళో రాయడం మరిచిపోయింది. ఎవరూ అడగలేదు. రెండేళ్ళు గడిచాయి.

ఆ మంగళవారం చింతలగెడ్డ ఆసుపత్రిలో సోములమ్మ అనే ముసలామె ఆయాసపడుతూ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నాక ఊపిరి కాస్త నెమ్మదించింది. హెఫ్సిబాకు ఆ సంగతి వేళ్ళ మధ్య తెలిసింది.

"ఒగ్గకమ్మా. నా కూతురు కొండ ఘాటీ ఎక్కతంది. అదొచ్చీదాకా ఒగ్గక."

పది నిమిషాలూ అయిపోయాయి. సన్యాసిరావు పెట్టె మూత తీసి నిలబడ్డాడు.

"అవతలాసుపత్రిలో ఏడుగురు రోగులు ఎదురుసూస్తన్నారు మేడమ్. ఐసు కరిగితే పాడైపోయీది మీ సెయ్యే. నాకేటి?"

"నూకరత్నం, ఇక నువ్వు పట్టుకో తల్లీ," అంది హెఫ్సిబా. "కూతురు వచ్చేదాకా వదలకు."

మంచం పక్కనున్న నర్సు కదల్లేదు. పెట్టెకు బిగించిన కెమెరా ఎప్పుడూ రోగి వైపే ఉంటుంది. హెఫ్సిబా చెప్పగా సన్యాసిరావు దాన్ని నూకరత్నం వైపు తిప్పాడు. తెల్లకోటు ఖాళీ స్లీవులు రెండూ భుజాల దగ్గర చక్కగా మడిచి, పిన్నీసులు పెట్టి ఉన్నాయి.

"స్టోరుకి అప్పజెప్పీసినాం మేడమ్," అంది నూకరత్నం. "వాడకంలో నేని సామాన్లు తిరిగిచ్చీమని సర్కులరొచ్చింది. రసీదుంది."

"మళ్ళీ తెప్పించుకోలేరా?"

"ఇండెంటు కాయితం మీద మేమే సంతకం సెయ్యాలంట."

హెఫ్సిబా తెరకు దగ్గరగా వంగింది. "నాకెందుకు చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగనేదు కదండీ. మార్కులు బాగానే ఏస్తన్నారు. ముక్కు దురదెట్టినప్పుడే కష్టంగుంటది."

అవతలి ఏడుగురిలో ఇద్దరికి ఆక్సిజన్ పెట్టారు. హెఫ్సిబా ఒక్కొక్క వేలే సడలించింది. ముసలామె గోళ్ళు అరచేతి మీదుగా జారడం, చివరికి చూపుడువేలి కొన దగ్గర ఒక్క క్షణం ఆగడం ఆమెకు తెలిసింది. సోములమ్మ ఏడవలేదు. పక్క మీద తడుముకుంది. మూత పడింది. ఆ తర్వాత ఊపిరి ఎలా ఉందో, కూతురు వచ్చిందో లేదో హెఫ్సిబాకు తెలియలేదు. అది తెలిపే కాలమ్ ఫారంలో లేదు. ఉన్న 'నర్సుల శిక్షణ' కాలమ్‌లో ఎడమచేత్తో "సంతృప్తికరం" అని రాసింది.

మధ్యాహ్నం తర్వాతి ఆసుపత్రిలో పెట్టె తెరిచారు. "నమస్కారం మేడమ్," అని అయిదుగురు నర్సుల గొంతులు ఒక్కసారే పలికాయి.

హెఫ్సిబా కెమెరా తిప్పమనలేదు. రోగి పేరు మాత్రం అడిగింది.